వారంటీ క్లెయిమ్: ఫోనో, టీవీయో పాడైన రోజు నుంచి ఏమేం చేయాలి

వారంటీ గడువులో ఉన్న వస్తువు పాడైతే కంపెనీ ఉచితంగా బాగు చేసివ్వాలి. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా సర్వీస్ సెంటర్ దాకా వెళ్లి డబ్బు కట్టి వచ్చేవాళ్లు, విసిగిపోయి వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కువ క్లెయిములు దెబ్బతినేది కాగితం దగ్గరే. బిల్లు మీద సీరియల్ నంబరు ఉండదు. ఫిర్యాదు నోటిమాటగా చెప్పి వదిలేస్తారు. వస్తువు తీసుకుంటూ సర్వీస్ సెంటర్ రాసిచ్చే జాబ్ షీట్‌లో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టేస్తారు. అందుకే ఇక్కడ వస్తువు గురించి కన్నా కాగితం గురించే ఎక్కువ చెబుతున్నాం.

బిల్లు

షాపులో మిషన్ నుంచి చుట్ట చుట్టుకుంటూ వచ్చే బిల్లు థర్మల్ కాగితం మీద వేసింది. దానికి వేడి పడదు. పర్సులోనో, బండి డిక్కీలోనో పెడితే కొన్ని నెలలకే అక్షరాలు వెలిసిపోతాయి. ఏడాది తిరిగేసరికి తెల్ల కాగితం మిగులుతుంది. కొన్న రోజే ఫొటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి. ఒక జిరాక్స్ తీయించి వారంటీ కార్డుతో కలిపి పెట్టండి.

బిల్లులో నాలుగు ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి: తేదీ, షాపు జీఎస్టీ నంబరు, మోడల్, సీరియల్ నంబరు. ఫోనైతే సీరియల్ నంబరుకు బదులు 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఒక్క ఫోనుకే ఉండే గుర్తింపు నంబరు) ఉంటుంది. డయల్ చేసే చోట *#06# కొడితే ఫోనులో కనిపించే అంకెలు, పెట్టె మీది అంకెలు, బిల్లు మీది అంకెలు మూడూ ఒక్కటే కావాలి. షాపువాళ్లు ఒకరి ఫోను ఐఎంఈఐ ఇంకొకరి బిల్లులో వేయడం మామూలుగా జరిగే పొరపాటే. ఆ రోజు ఐదు నిమిషాల్లో సరిచేస్తారు, ఎనిమిది నెలల తర్వాత అడిగితే ఎవరూ పట్టించుకోరు.

"బిల్లు వద్దంటే కొంచెం తగ్గిస్తాం" అంటే ఒప్పుకోకండి. తెల్ల చీటీ మీద రాసిచ్చిన ఎస్టిమేట్‌ను కంపెనీ లెక్కలోకి తీసుకోదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది కూడా. బిల్లు పోతే కంగారు పడనక్కర్లేదు. షాపుకు ఫోను నంబరు ఇచ్చి ఉంటే కంప్యూటర్‌లోంచి మళ్లీ తీసిస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే మీ ఆర్డర్ల జాబితాలో ఇన్‌వాయిస్ ఉంటుంది. అసలు బిల్లే దొరక్కపోతే కొన్ని కంపెనీలు వస్తువు తయారైన తేదీ నుంచి వారంటీ లెక్కేస్తాయి. అప్పుడు మీకు నాలుగైదు నెలలు నష్టం రావచ్చు.

వారంటీలో ఏముంది, ఏం లేదు

ఫ్రిజ్ మీద "10 సంవత్సరాల వారంటీ" అని పెద్ద అక్షరాల స్టిక్కర్ ఉంటుంది. ఆ పదేళ్లు సాధారణంగా కంప్రెసర్ అనే ఒక్క భాగానికే. మొత్తం ఫ్రిజ్‌కు ఎక్కువగా ఒక్క ఏడాదే. నాలుగో ఏట కూలింగ్ ఆగిపోతే కంప్రెసర్ ఉచితంగా ఇస్తారు. గ్యాస్ నింపినందుకు, పనివాడి కూలికి, కొన్నిసార్లు రవాణాకు మీరే కట్టాలి. కాయిల్‌లో లీకేజీ అయితే అది కంప్రెసర్ కిందికి రాదు. ఏసీలదీ ఇదే లెక్క. టెక్నీషియన్ "కంప్రెసర్ పోయింది" అన్నాడా, "గ్యాస్ పోయింది" అన్నాడా అన్న తేడాలోనే మీ జేబు ఖర్చు తేలుతుంది. అందుకే ఏది పోయిందో రాయించుకోవాలి.

ఫోనుకు ఏడాది ఉన్నా, పెట్టెలో వచ్చిన చార్జర్‌కూ కేబుల్‌కూ చాలా కంపెనీలు 6 నెలలే ఇస్తాయి. టీవీ తెర మీద పగులు లేకుండా నిలువు గీతలు వస్తే అది ప్యానెల్ లోపం, వారంటీలోకి వస్తుంది. పగులుంటే రాదు. ఇన్వర్టర్ బ్యాటరీ వారంటీని మాత్రం రెండు ముక్కలుగా చదవాలి. ఉదాహరణకు "36+24" అని ఉంటే మొదటి 36 నెలల్లో చెడిపోతే ఉచితంగా మారుస్తారు. తర్వాతి 24 నెలల్లో కొత్తదాని ధరలో కొంత శాతం తగ్గిస్తారు, మిగతాది మీరు పెట్టుకోవాలి. ఈ బ్యాటరీలకు కార్డు మీద షాపు ముద్ర, అమ్మిన తేదీ అడుగుతారు. లోపల డిస్టిల్డ్ వాటర్ ఎండిపోయి ఉంటే క్లెయిమ్ తిప్పి కొడతారు.

ఇంటికని కొన్న ఫ్రిజ్‌ను టిఫిన్ సెంటర్‌లోనో, కిరాణా కొట్లోనో పెడితే కార్డులోని షరతుల ప్రకారం వారంటీ తగ్గించవచ్చు, అసలు తీసేయవచ్చు కూడా. చట్టం చూసే తీరు కొంచెం వేరు. సొంతంగా కష్టపడి, బతుకుదెరువు కోసం నడుపుకునే చిన్న కొట్టుకు కొన్న వస్తువైతే మీరు వినియోగదారు కిందికే వస్తారు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన ల్యాప్‌టాప్, గల్ఫ్ నుంచి తెచ్చిన ఫోన్ సంగతి ముందే చూసుకోండి. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ప్రపంచమంతా చెల్లే వారంటీ ఉంటుంది. ఫోన్లకు చాలాసార్లు కొన్న దేశంలోనే చెల్లుతుంది. కొనేముందు ఆ మోడల్ నంబరు చెప్పి ఇక్కడి కస్టమర్ కేర్‌ను మెయిల్‌లో అడిగితే జవాబు రాతలో ఉంటుంది.

ఫిర్యాదుకు ముందు

ముందుగా వీడియో తీయండి. ముప్పై సెకన్లు చాలు. మొదట సీరియల్ నంబరు స్టిక్కర్ చూపించి, కెమెరా ఆపకుండా లోపం చూపించాలి. స్టిక్కర్ టీవీకి వెనక, ఫ్రిజ్‌కు ఎక్కువగా తలుపు తీస్తే లోపలి గోడ మీద, ఏసీకి ఇండోర్ యూనిట్ పక్కన ఉంటుంది. అప్పుడప్పుడూ వచ్చి పోయే లోపానికి ఈ వీడియోనే ప్రాణం. సర్వీస్ సెంటర్‌లో ఫోను బుద్ధిగా పనిచేస్తే "లోపం ఏమీ కనబడలేదు" అని రాసి తిరిగి ఇచ్చేస్తారు.

ఫోనైతే ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసి, సిమ్, మెమొరీ కార్డు బయటికి తీసేయండి. గూగుల్ ఖాతా తొలగించండి. ఐఫోన్ అయితే ఫైండ్ మై (పోయిన ఫోను ఎక్కడుందో చూపే సదుపాయం) సెట్టింగ్‌ను ఏం చేయాలో ఇచ్చేముందే అడిగి తెలుసుకోండి. తర్వాత సిమ్ ట్రే తీసి, టార్చ్ వేసి ఆ సందులోకి చూడండి. చాలా ఫోన్లలో అక్కడ చిన్న తెల్లటి చుక్క ఉంటుంది. తడి తగిలితే అది ఎర్రగా మారుతుంది. తెల్లగా ఉంటే దగ్గరగా ఫొటో తీసి పెట్టుకోండి. రేపు "నీళ్లు వెళ్లాయి" అన్నారంటే మీ చేతిలో జవాబు ఉంటుంది.

వీధి చివరి మొబైల్ షాపులో "ఒకసారి చూడన్నా" అని విప్పించడమే అన్నిటికన్నా పెద్ద తప్పు. లోపలి స్క్రూ మీద అంటించిన చిన్న సీలు చిరిగితే, ఆ తర్వాత కంపెనీ ఏ మాటా వినదు.

ఎండాకాలంలో మన ఊళ్లలో ఓల్టేజీ ఒకటే ఊగిసలాట. బోర్డు కాలిపోతే "ఓల్టేజీ వల్ల" అని రాసి వారంటీ తోసేస్తారు. ఏసీ, ఫ్రిజ్‌లకు స్టెబిలైజర్ ఉంటే దాని బిల్లు కూడా దాచండి. ఒకే రోజు వీధిలో నాలుగిళ్లలో టీవీలు కాలిపోతే అది కంపెనీతో తేలే వ్యవహారం కాదు. కరెంటు వాళ్ల 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

ఫోన్ ఎవరికి చేస్తున్నారు

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతకొద్దు. మోసగాళ్లు పెట్టిన నంబర్లు అక్కడ పైనే కనిపిస్తాయి. వారంటీ కార్డు మీదో, కంపెనీ సొంత యాప్‌లోనో ఉన్న నంబరుకే చేయండి. "రిజిస్ట్రేషన్‌కు పది రూపాయలు పంపండి", "ఈ స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోండి" అన్నారంటే వెంటనే ఫోన్ కట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి.

ఫిర్యాదు నమోదయ్యాక నంబరు మెసేజ్‌గా వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి. గడువు దగ్గర పడితే ఇది మరీ ముఖ్యం. వారంటీ రేపటితో అయిపోతుందంటే ఇవాళే నమోదు చేయండి, టెక్నీషియన్ వారం తర్వాత వచ్చినా పర్లేదు. గడువులోపు ఫిర్యాదు చేశారని చూపేది ఆ మెసేజే.

జాబ్ షీట్: మొత్తం ఇక్కడే తేలుతుంది

సర్వీస్ సెంటర్‌లో వస్తువు తీసుకుని చేతికిచ్చే కాగితాన్ని జాబ్ షీట్ అంటారు. రేపు కంపెనీ చూసేది అదే, కేసు వేస్తే వినియోగదారుల కమిషన్ చూసేదీ అదే. కౌంటర్ వెనకున్న అబ్బాయి గబగబా టైప్ చేసి "ఇక్కడ సైన్ చేయండి సార్" అంటాడు. వెనక పదిమంది నిలబడి ఉంటారు. అయినా సరే, పూర్తిగా చదవండి.

పైన తేదీ, మీ పేరు, సీరియల్ నంబరు. దాని కింద "ఇన్ వారంటీ", "అవుట్ ఆఫ్ వారంటీ" అని ఉంటుంది. బిల్లు చూపించినా రెండోదానికి టిక్ పడి ఉంటే అక్కడే ఆపండి. తర్వాత ఫిర్యాదు వివరం. "ఫోన్ పనిచేయడం లేదు" అని ముక్తసరిగా రాస్తారు. అది చాలదు. "చార్జింగ్ 40 శాతం ఉండగానే ఆఫ్ అవుతోంది, రోజుకు మూడు నాలుగుసార్లు" అని రాయించండి. ఎందుకంటే వాళ్లు సాఫ్ట్‌వేర్ ఎక్కించి ఇచ్చాక అదే లోపం మళ్లీ వస్తే, అది పాత లోపమేనని చూపడానికి ఈ వాక్యమే ఆధారం.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది వస్తువు పరిస్థితి రాసే గడి. వెనక చిన్న గీతలున్నా "ఫిజికల్ డ్యామేజ్" అని కొట్టేస్తారు. చార్జింగ్ లోపానికి, వెనక గీతకు సంబంధం లేకపోయినా ఆ రెండు మాటలు మీకు అడ్డం తిరుగుతాయి. "వెనక మూతపై చిన్న గీతలు, తెర మీద పగులు లేదు, వంపు లేదు" అని మార్పించండి. మార్చనంటే మీ సంతకం పక్కనే పెన్నుతో ఆ మాట రాసి, ఆ కాగితం ఫొటో తీసుకోండి. చార్జర్, పౌచ్ ఇస్తే అవీ రాయించాలి. ఎప్పటికి ఇస్తారో తేదీ, సెంటర్ ముద్ర లేకుండా కౌంటర్ వదలొద్దు.

రెండు రోజులకు ఫోన్ వస్తుంది: "సార్, బోర్డు మీద తడి ఉంది, వారంటీ వర్తించదు, తొమ్మిది వేలవుతుంది." ఈ ఫోన్లోనే చాలామంది ఓడిపోతారు. అప్పుడు అడగాల్సినవి మూడు. తడి ఎక్కడుందో బోర్డు ఫొటో. ఏ కారణంతో తిరస్కరిస్తున్నారో రాతలో. వారంటీ కార్డులోని ఏ షరతు ప్రకారమో. ఈ మూడింట్లో దేనికీ "పాలసీ సార్" అన్నది జవాబు కాదు.

వెంటనే డబ్బు కట్టి బాగు చేయించుకుంటే చెడిన భాగం చెత్తబుట్టలోకి పోతుంది, దాంతో మీ సాక్ష్యమూ పోతుంది. తప్పనిసరై కట్టాల్సి వస్తే బిల్లు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి.

ఇంటికొచ్చి చేసే మరమ్మతుల్లో ఇంకో తిరకాసు ఉంది. పని అయ్యాక టెక్నీషియన్ మీ ఫోనుకొచ్చిన ఓటీపీ అడుగుతాడు. అది చెప్పగానే కంపెనీ కంప్యూటర్‌లో మీ ఫిర్యాదు "పరిష్కారమైంది" అని మూసుకుపోతుంది. "పార్టు ఆర్డర్ పెట్టాలి, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకండి. వస్తువు మీ ముందు పనిచేశాకే ఓటీపీ. పొరపాటున మూసేస్తే అదే రోజు కస్టమర్ కేర్‌కు చెప్పి, పాత నంబరుతోనే తిరిగి తెరిపించండి.

మూడుసార్లు బాగు చేశాక నాలుగోసారి కొత్తది ఇచ్చి తీరాలని చాలామంది నమ్ముతారు. చట్టంలో అలాంటి లెక్కేమీ లేదు. కానీ ఒకే లోపానికి మూడు జాబ్ షీట్లు మీ దగ్గరుంటే, ఆ వస్తువు తయారీలోనే లోపం ఉందని వాదించడానికి అంతకన్నా గట్టి ఆధారం దొరకదు. ప్రతిసారీ కొత్త షీట్ తీసుకోండి. "పాతదాని మీదే చేసేస్తాం" అంటే ఒప్పుకోవద్దు.

రాతపూర్వకంగా

సర్వీస్ సెంటర్ తేల్చకపోతే కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి, నకలు అమ్మినవాళ్లకూ పంపండి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ సైటు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మెయిల్‌లో ఆవేశం వద్దు, తేదీలు కావాలి. ఇలా రాస్తే సరిపోతుంది:

"43 అంగుళాల టీవీ, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఇవి. 2025 మార్చి 14న ఫలానా షాపులో రూ. 28,500కు కొన్నాను. వారంటీ ఒక సంవత్సరం. నవంబర్ 3న తెర ఎడమ వైపు నిలువు గీతలు వచ్చాయి, పగులు లేదు. 4న ఈ నంబరుతో ఫిర్యాదు చేశాను. 6న మీ టెక్నీషియన్ చూసి ఫిజికల్ డ్యామేజ్ అన్నారు, దెబ్బ ఎక్కడుందో చూపలేదు, రాసివ్వలేదు. బిల్లు, వీడియో, జాబ్ షీట్ జతచేశాను. 15 రోజుల్లో ప్యానెల్ ఉచితంగా మార్చండి. వీలుకాకపోతే టీవీ మార్చి ఇవ్వండి లేదా డబ్బు వాపసు చేయండి. లేనిపక్షంలో జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను."

జవాబు రాకపోతే ఇదే ఉత్తరాన్ని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. లాయర్ నోటీసు ఇస్తే మంచిదే కానీ, తప్పనిసరి కాదు.

ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. 8800001915కు వాట్సాప్ కూడా చేయొచ్చు. వాళ్లు మీ ఫిర్యాదును నేరుగా కంపెనీకి పంపి జవాబు అడుగుతారు. కంపెనీని ఆదేశించే అధికారం వాళ్లకు లేదు. అయినా సర్వీస్ సెంటర్‌లో నెల రోజులు కదలని ఫైలు ఇక్కడి నుంచి వెళ్లాక కదలడం తరచుగా చూస్తాం. ఫోన్ చేసేముందు బిల్లు, జాబ్ షీట్ ఫొటోలు దగ్గర పెట్టుకుంటే ఒక్క కాల్‌లో పని అయిపోతుంది.

జిల్లా కమిషన్

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. 50 లక్షల దాకా చెల్లించి కొన్న వస్తువుల కేసులు అక్కడికే వెళ్తాయి. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ ఢిల్లీలో ఉన్నా, షాపు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఇది 2019 చట్టం తెచ్చిన గొప్ప మేలు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా వేసే వీలుంది.

ఫిర్యాదులో తయారీ కంపెనీ, అమ్మిన షాపు, సర్వీస్ సెంటర్ ముగ్గురినీ ఎదుటి పక్షాలుగా చేర్చండి. ఒకరిని వదిలితే మిగతావాళ్లు తప్పంతా అక్కడలేనివాళ్ల మీదికి నెట్టేస్తారు. జరిగినవన్నీ తేదీల వారీగా అంకెలు వేసి రాసి, బిల్లు, కార్డు, జాబ్ షీట్లు, మెయిళ్లు జతపరచి, నిజమేనని అఫిడవిట్ (ప్రమాణ పత్రం) ఇవ్వాలి. ఏం కోరుతున్నారో విడివిడిగా రాయండి: మార్పిడి లేదా వాపసు, వడ్డీ, పడ్డ ఇబ్బందికి పరిహారం, ఖర్చులు. అడగనిది సాధారణంగా రాదు. ముప్పై వేల టీవీకి పది లక్షల పరిహారం అడిగితే మాత్రం మీ మాట బరువు తగ్గుతుంది.

నోటీసు అందిన ఎదుటి పక్షం 30 రోజుల్లో జవాబివ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజులు పొడిగించొచ్చు. లోపం ఉందో లేదో పరీక్ష చేస్తేగానీ తేలదనుకుంటే వస్తువును ల్యాబ్‌కు పంపిస్తారు, ఆ రుసుము ముందు మీరే కట్టాల్సి ఉంటుంది. అందుకే కేసు నడిచేటప్పుడు వస్తువును అమ్మేయకండి, విప్పించకండి, ఉన్నదున్నట్టు ఉంచండి. పరీక్ష అక్కర్లేని కేసులు 3 నెలల్లో, అవసరమైనవి 5 నెలల్లో తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టంలో ఉంది. వాస్తవంలో అంతకన్నా ఎక్కువ పట్టొచ్చని మనసులో పెట్టుకునే దిగండి. ఆదేశం వచ్చాక కంపెనీ పాటించకపోతే అదే కమిషన్‌లో అమలు కోసం దరఖాస్తు పెట్టాలి. పాటించనివాళ్లకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు గానీ, కనీసం 25 వేల జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు.

కొత్తది చేతికొచ్చాక

మార్చి ఇచ్చిన ఫోనుకు ఐఎంఈఐ వేరేగా ఉంటుంది, టీవీకి సీరియల్ నంబరు మారుతుంది. మీ బిల్లులో ఉన్నది పాత నంబరే. "పాత నంబరు ఇది, దానికి బదులు ఇచ్చిన కొత్త నంబరు ఇది, వారంటీ ఈ తేదీ వరకు" అని సర్వీస్ సెంటర్ ముద్రతో రాయించుకుని, పాత బిల్లుకు పిన్ను కొట్టి పెట్టండి. ఒక్క భాగమే మారిస్తే ఆ భాగానికి విడిగా ఎన్ని రోజుల వారంటీ ఉందో అదే షీట్ మీద రాయించండి.